గోదావరి పాయలు, సమాంతర విశ్వాలు

విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులొకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు గట్టిగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, నేనే గొంతు పెంచుతాను. ముప్పై ఏళ్ళు మైకు లేకుండా అరిచిన గొంతే ఇది.

మా కింది వాటాలో ఒక కుర్రాడున్నాడు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు రాశాడు, అనుకున్న ర్యాంకు రాలేదు. ఓదారుద్దామని దిగి వెళ్తే వాడే నన్ను ఓదార్చాడు. "ఏం ఫర్లేదు తాతగారూ, ఇంకో యూనివర్స్‌లో నాకు వందలోపు ర్యాంకు వచ్చేసుంటుంది" అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే ఫోన్లో వీడియో చూపించాడు. బోర్డు లేదు, లెక్క లేదు. నీలంరంగు గోళాలు తిరుగుతున్నాయి, వెనక గుడిలో గంటల్లాంటి మ్యూజిక్కు. పన్నెండు నిమిషాలు ఓపిక పట్టి చూశాను. శాస్త్రవేత్తల పేర్లన్నీ కరెక్టే. మిగతాది... ఆ మిగతా దాని గురించే ఈ సాయంత్రం.

దానికి ముందొక మాట. ఈ క్వాంటం భౌతికశాస్త్రం మనకి సంబంధం లేని దూరపు విద్య అనుకోకండి. ఎలక్ట్రాన్ లాంటి చిన్న కణాలు ఎలా నడుస్తాయో చెప్పే సమీకరణాన్ని ష్రోడింగర్ అచ్చేసింది 1926లో. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిందీ 1926లోనే. బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. క్వాంటం లెక్కల్లో పనికొచ్చే గ్రూప్ థియరీ అనే గణితం మీద సూరి భగవంతం గారూ, వెంకటరాయుడు గారూ కలిసి రాసిన పుస్తకాన్ని 1948లో ఈ విశ్వవిద్యాలయమే అచ్చేసింది. ఈ ఊళ్ళో ఆ లెక్కలు చేసినవాళ్ళున్నారండీ. నీలం గోళాలు తిప్పినవాళ్ళు కారు.

సరే. ఆ వీడియో మొదటి వాక్యం: "ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు చోట్ల ఉంటుంది." అబద్ధమా? పూర్తిగా కాదు. నిజమా? అదీ కాదు. రేపు ఆర్కే బీచ్‌కి వెళ్ళినప్పుడు మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని రాళ్ళ దగ్గర కాసేపు నిలబడండి. ఒక కెరటం రాతికి కొట్టుకుని వాలుగా వెనక్కొస్తుంటుంది, ఇంకోటి సముద్రంలోంచి వస్తుంటుంది. ఒకదాన్లోంచి ఒకటి దాటిపోతాయి. దాటే చోట ఒక్కోసారి నీళ్ళు ఎత్తుగా లేస్తాయి, ఒక్కోసారి చదునైపోతాయి. అక్కడ నిలబడి "ఈ నీళ్ళు మొదటి కెరటానివా, రెండోదానివా?" అని ఎవరైనా అడుగుతారా? అడగరు కదా? రెండూ కలిసిన స్థితి అది. టెన్త్‌లో, ఇంటర్‌లో మనం అధ్యారోపణ సూత్రం అని బట్టీ పట్టింది ఇదే. ఎలక్ట్రాన్ గురించి సమీకరణం చెప్పేది కూడా ఇలాంటి కలిసిన స్థితి గురించే. గోళీకాయ ఒకటి చీలి రెండు గోళీకాయలైపోయిందని అది ఎక్కడా చెప్పలేదు.

ఇందులో వింత లేదని నేననడం లేదు, ఉంది. 1989లో జపాన్‌లో తొనొమురా బృందం రెండు దారులున్న పరికరంలోంచి ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా పంపింది. ఒకటి చేరాకే ఇంకొకటి. తెర మీద వచ్చి పడేది ప్రతిసారీ ఒక్క చుక్క. కానీ వేల చుక్కలు పేరుకున్నాక చూస్తే చారలు! కెరటాలకి వచ్చే చారలు. రావడం చుక్కలా, లెక్క కెరటంలా. వింతంతా అక్కడుంది. దాన్ని అక్కడే ఉండనివ్వాలి. దాన్ని తీసుకెళ్ళి మన కోరికలకీ జాతకాలకీ అతికిస్తేనే చిక్కు.

ఆ అతికించే జిగురేమిటో తెలుసా? "చూడటం" అనే మాట. "మనం చూస్తే ఎలక్ట్రాన్ మారిపోతుంది. అంటే మన చైతన్యమే ప్రపంచాన్ని సృష్టిస్తోంది. కాబట్టి గట్టిగా అనుకుంటే ఉద్యోగం వస్తుంది." చూశారా, మూడే వాక్యాల్లో ఎలక్ట్రాన్ దగ్గర్నుంచి అపాయింట్‌మెంట్ ఆర్డరు దాకా వెళ్ళిపోయాం.

ఇక్కడ "చూడటం" అంటే ఏమిటి? కన్ను కాదు, మనసు కాదు. ఎలక్ట్రాన్ ఏ దారిన వెళ్ళిందో చెప్పే ఆనవాలు బయట ఎక్కడైనా మిగిలిపోవడం. అంతే. ఆ ఆనవాలుని ఎవరూ చదవక్కర్లేదు. ఊరికే చెప్పడం లేదు, ప్రయోగం ఉంది. 2004లో వియన్నాలో 70 కార్బన్ పరమాణువులున్న బంతిలాంటి అణువుల్ని తీసుకున్నారు. వాటికీ ఈ చారలు వస్తాయి. ఆ అణువుల్ని లేజరుతో వేడి చేస్తూ పోయారు. వేడి వస్తువు ఏం చేస్తుంది? పెనం ఎర్రబడ్డట్టు వెలుగు చిమ్ముతుంది. అణువు ఎగురుతూ ఎగురుతూ రెండు మూడు కాంతికణాలు వదిలితే చాలు, అది ఫలానా చోట నుంచి వదిలిందన్న ఆనవాలు ఆ కాంతితో పాటు బయటికి పోతుంది. వేడి పెరిగేకొద్దీ చారలు మసకబారాయి. 3,000 కెల్విన్ దగ్గరికొచ్చేసరికి మాయం! ఎవరు చూశారమ్మా ఆ కాంతిని? ఎవరూ చూడలేదు. గోడకి కొట్టుకుని పోయింది. అయినా చారలు పోయాయి. ఇంక ఇందులో చైతన్యం ఎక్కడుంది?

ఈ ఆనవాళ్ళు బయటికి కారిపోయి, కెరటాల మధ్య పొంతన చెడటాన్ని డీకొహరెన్స్ అంటారు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రాన్ని నేను చాలా ఏళ్ళు తప్పుగా చెప్పాను. "ఎలక్ట్రాన్‌ని చూడాలంటే దాని మీద వెలుగు వెయ్యాలి, వెలుగు దాన్ని నెట్టేస్తుంది, అందుకే స్థానమూ వేగమూ రెండూ కచ్చితంగా తెలియవు" అని. విన్నవాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది, మాస్టారికీ తృప్తిగా ఉంటుంది. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి "మరి వెలుగు వెయ్యకపోతే రెండూ ఉంటాయా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కూర్చోమన్నాను. అదింకో తప్పు.

ఇప్పుడైతే వాడికి ఇలా చెబుతాను. చప్పట్లు ఒక్కసారి కొట్టు. ఎప్పుడు కొట్టావో సెకన్లతో సహా చెప్పొచ్చు. దాని శృతి ఏమిటి? చెప్పలేవు. అదే తంబురా మీటు. శృతి కచ్చితం. ఎప్పుడు మోగింది? మోగుతూనే ఉందిగా! ఇందులో ఎవరైనా ఎవర్నైనా నెట్టారా? చిన్న చప్పుడికి శృతి ఉండదు, శృతి ఉండాలంటే చప్పుడు సాగాలి. కెరటాల గుణమే అది. ఎలక్ట్రాన్ లెక్క కెరటంది కాబట్టి స్థానం, వేగం విషయంలో దానికీ ఆ గుణం వచ్చింది.

పిల్లి గురించి రెండు ముక్కలే చెబుతాను, మీరంతా వినే ఉంటారు. ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే విషం చిమ్మే పెట్టెలో పిల్లి, తెరిచి చూసేదాకా చచ్చీ బతికీ ఉంటుందని. ష్రోడింగర్ 1935లో ఆ కథ చెప్పింది అది నిజమని కాదు మహాప్రభో, వెక్కిరించడానికి! "మీ లెక్కని తిన్నగా లాక్కుపోతే ఇలాంటి వెర్రి చోట తేలతారు, చూసుకోండి" అని. ఎవరో వెటకారంగా అన్నమాటని మనం టీషర్టు మీద అచ్చేసుకుని తిరుగుతున్నాం. అసలు ఫిషింగ్ హార్బర్ పిల్లిని పెట్టెలో పెట్టండి. దాని ఒంటికి గాలి తగులుతుంది, ఒంటి వేడి బయటికి పోతుంది, లక్షల కోట్ల ఆనవాళ్ళు క్షణంలో కారిపోతాయి. వియన్నా వాళ్ళు 2019లో 2,000 దాకా పరమాణువులున్న అణువులకి చారలు తెప్పించారు. అదే మహా ఘనకార్యం. పిల్లి దగ్గరికి వెళ్ళాలంటే ఎంత దూరమో మీరే చూసుకోండి.

దూరదూరంగా ఉన్న కణాల స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం, అదే ఎంటాంగిల్‌మెంట్, దాని జోలికి ఈరోజు వెళ్ళను, దానికింకో ఆదివారం కావాలి. 2022లో నోబెల్ బహుమతి వచ్చింది ఆ ప్రయోగాలకే. ఒక్కటి మాత్రం చెప్తాను: దాంతో గాజువాక నుంచి భీమిలికి కూడా కబురు పంపలేరు. కాంతి కంటే వేగంగా కబురని ఎవరన్నా నమ్మకండి.

ఇప్పుడు సమాంతర విశ్వాలు. ఎవరన్నారు ఈ మాట? హ్యూ ఎవరెట్ అని ప్రిన్‌స్టన్‌లో పరిశోధక విద్యార్థి. 1957లో ఆయన వ్యాసం వచ్చింది. ఆ వ్యాసం పేరులో విశ్వాలూ లేవు, సమాంతరమూ లేదు. "సాపేక్ష స్థితి" అని పొడి పేరు. ఆయన గురువు వీలర్ ఆ సిద్ధాంత గ్రంథాన్ని బాగా కత్తిరించమన్నాడు, కత్తిరించారు. అచ్చయ్యేసరికే ఎవరెట్ భౌతికశాస్త్రం వదిలేసి పెంటగన్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. 1959లో కోపెన్‌హాగెన్ వెళ్ళి అప్పటి క్వాంటం పెద్దాయన నీల్స్ బోర్‌ని కలిస్తే అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. "అనేక ప్రపంచాలు" అన్న పేరు తర్వాత డివిట్ అనే ఇంకో భౌతికశాస్త్రవేత్త ప్రచారంలో పెట్టింది. 1970లో ఒక పత్రికలో వ్యాసం రాస్తే అప్పుడు జనం చెవిన పడింది. 1982లో ఎవరెట్ పోయాడు, యాభై ఒక్క ఏళ్ళకే.

ఆయన చెప్పిందేమిటి? విశ్వాల్ని కొత్తగా తెచ్చి చేర్చలేదాయన. ఉన్న సమీకరణాన్ని మధ్యలో ఆపొద్దన్నాడు. అప్పటిదాకా మేమేం చెప్పేవాళ్ళం? "సమీకరణం ప్రకారం కలిసిన స్థితి సాగుతుంది, కొలవగానే ఠక్కున ఒకటే మిగులుతుంది, మిగతావి మాయం." ఆ ఠక్కున అన్నది సమీకరణంలో లేదు, మనం బయటినుంచి పెట్టింది. దాన్ని తీసెయ్యండి, కొలిచే పరికరమూ కొలిచే మనిషీ కూడా పరమాణువులతో చేసినవేగా, వాళ్ళనీ ఆ సమీకరణంలోనే పెట్టండి అన్నాడు. పెడితే ఏమవుతుంది? కొమ్మలొస్తాయి. ఒక కొమ్మలో ముల్లు ఎడమకి తిరిగింది, ఒక కొమ్మలో కుడికి.

నాకు "సమాంతర" అన్న మాటే నచ్చదు. సమాంతర రేఖలంటే ఏమిటి? ఎప్పుడూ కలవనివి, ఎప్పుడూ విడివిడిగా ఉన్నవి. రైలు పట్టాలు. ఎవరెట్ చెప్పింది పట్టాల్లాంటిది కాదు, గోదావరి లాంటిది. రాజమండ్రి దగ్గర లంకలు చూశారా? నది లంకకి అటూ ఇటూ చీలుతుంది, దాటాక మళ్ళీ కలుస్తుంది. మన చారల ప్రయోగం అదే. రెండు దారులూ మళ్ళీ కలిశాయి కాబట్టే చారలొచ్చాయి. అదే ధవళేశ్వరం దాటాక? గౌతమి యానాం వైపు పోయింది, వసిష్ఠ అంతర్వేది వైపు పోయింది. ఇంక కలుస్తాయా? ఇందాక గుర్తు పెట్టుకోమన్నానే, డీకొహరెన్స్, అదే ఈ ధవళేశ్వరం. ఆనవాళ్ళు కారిపోయాక పాయలు మళ్ళీ కలవవు.

ఈ బొమ్మ మనసులో పెట్టుకుంటే అపోహలు వాటంతటవే రాలిపోతాయి. "క్షణక్షణం కొత్త విశ్వం పుడితే దానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అని మొన్న ఒక డాక్టరు గారే అడిగారు. మంచి ప్రశ్న. గోదావరి రెండు పాయలైతే నీళ్ళు రెట్టింపయ్యాయా? ఉన్న నీళ్ళే పంచుకున్నాయి. కొమ్మలూ అంతే, ప్రతి కొమ్మకీ ఒక బరువు ఉంటుంది, అన్ని బరువులూ కలిపితే ఎప్పుడూ ఒకటే.

"ఆ విశ్వంలోకి వెళ్ళొచ్చా?" వసిష్ఠలో పడవ వేసుకుని నేరుగా గౌతమిలోకి వెళ్ళగలరా? పోల్చడానికి చెప్తున్నాను గానీ, అక్కడ కాలవలైనా తవ్వొచ్చు. ఇక్కడ సమీకరణమే ఒప్పుకోదు. 1991లో పోల్చిన్‌స్కీ అనే ఆయన లెక్కకట్టాడు: క్వాంటం సమీకరణాన్ని ఒక రకంగా వంకర చేస్తే కొమ్మల మధ్య కబుర్లు నడవొచ్చని. దానికి సరదాగా ఎవరెట్ ఫోను అని పేరు. ఆ వంకర ఉందేమోనని ప్రయోగాలు చేసి వెతికారు. కనబడలేదు. ఫోను లేదు.

"నేను నిర్ణయం తీసుకున్నప్పుడల్లా విశ్వం చీలుతుంది." ఇది అన్నిటికంటే గట్టి అపోహ. మద్దిలపాలెంలో నిలబడి బస్సెక్కుదామా ఆటో ఎక్కుదామా అనుకుంటారు, ఆటో ఎక్కుతారు. దానివల్ల ఇంకో విశ్వంలో మీరు బస్సెక్కారా? చీలికకి మీ నిర్ణయంతో పనిలేదండీ! ఏ రేడియోధార్మిక పరమాణువు విచ్చిన్నమైనా పాయ చీలుతుంది. మనిషి ఉన్నా, లేకపోయినా, చంద్రుడి మీదైనా. మన మెదడు వెచ్చగా, తడిగా, గోలగా ఉండే చోటు. అక్కడ నిర్ణయాలు జేబులో చిల్లరెంత ఉంది, ఎండెంత ఉంది అన్న మామూలు కారణాలతోనే జరుగుతాయి. విశ్వానికి మన ఆటో బేరంతో అంత పట్టింపు లేదు.

మరి మా కింది వాటా కుర్రాడి ర్యాంకు? నిజాయితీగా చెప్పాలి. ఎవరెట్ మాట నిజమైతే ఏదో ఒక సన్నపు పాయలో వాడికి ర్యాంకు వచ్చి ఉండకూడదని సమీకరణం అడ్డుపడదు. కానీ నీళ్ళెక్కడున్నాయి? ఎలక్ట్రోకెమిస్ట్రీ పుస్తకం వాడు తెరవలేదు. ఆ తెరవకపోవడం ఏ ఎలక్ట్రాన్ వల్లా జరగలేదు, క్రికెట్ వల్ల జరిగింది. కాబట్టి నీళ్ళలో చాలా భాగం వాడు చదవని పాయల్లోనే పారుతోంది. వాడితో ఇదే అన్నాను. "అంటే అక్కడ కూడా ఫెయిలేనా?" అన్నాడు పాపం.

ఇంకో కలగాపులగం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో అందరికీ వాట్సాప్‌లో ఒకటి వచ్చింది గుర్తుందా? "నాసా సమాంతర విశ్వాన్ని కనిపెట్టింది, అక్కడ కాలం వెనక్కి నడుస్తోంది." నాకు పదిహేను మంది పంపారు, అందులో ఇద్దరు ఫిజిక్సు లెక్చరర్లు. జరిగిందేమిటి? అంటార్కిటికా మీద బెలూన్‌కి కట్టిన యాంటెన్నాల ప్రయోగం, అనిటా అని. 2006లో ఒకసారి, 2014లో ఒకసారి ఎగిరినప్పుడు కింద మంచులోంచి పైకి వచ్చినట్టున్న సంకేతాలు రెండు దొరికాయి. వాటికి కారణం తేలలేదు. విశ్వం పుట్టుక గురించిన ఒక ఊహతో ఎవరో వాటిని ముడిపెట్టారు, పత్రికలు దాన్ని నాసా నెత్తిన పెట్టాయి. నాసా అలా అననేలేదు.

అసలు ఆ ఊహకీ ఎవరెట్‌కీ సంబంధమే లేదు. విశ్వం తొలిక్షణాల్లో విపరీతంగా ఉబ్బిందనీ, ఆ ఉబ్బడం ఎక్కడెక్కడో ఆగకుండా సాగి ఎన్నో విశ్వాలు బుడగల్లా ఏర్పడి ఉండొచ్చనీ ఖగోళంలో ఇంకో వాదన ఉంది. అది దూరానికి సంబంధించింది, ఎక్కడో అవతల. ఎవరెట్ కొమ్మలు అవతల ఎక్కడా లేవు. "మనవాళ్ళు అనంతకోటి బ్రహ్మాండాలని ఎప్పుడో అన్నారు కదా మాస్టారూ" అంటారు. అన్నారు, ఎంత చక్కటి మాట! వింటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ దాన్ని పోల్చాలంటే ఆ బుడగలతో పోల్చండి, ఎలక్ట్రాన్‌తో కాదు. ఇంకా మంచిది, దేనితోనూ పోల్చకండి. దాని అందం దానికుంది, దానికి ఎవరెట్ సర్టిఫికెట్టు అక్కర్లేదు.

క్వాంటం కంప్యూటర్ సంగతి. అమరావతిలో వస్తోంది, పేపర్లలో చూస్తున్నాం. "అది లక్ష విశ్వాల్లో ఒకేసారి వెతుకుతుంది" అంటున్నారు. 2024 డిసెంబరులో గూగుల్ విల్లో అనే క్వాంటం చిప్ ప్రకటించినప్పుడు ఆ ల్యాబు అధిపతే సమాంతర విశ్వాల మాట ఎత్తాడు, ఇంక చెప్పేదేముంది. ఒక చిన్న లెక్క చూడండి. లక్ష పేర్ల ఓటర్ల జాబితా ఉంది, వరస లేదు. ఒక పేరు వెతకాలి. మామూలుగా అయితే సగటున యాభై వేలసార్లు చూడాలి. నిజంగా లక్ష విశ్వాల్లో తలో పేరూ చూసేస్తే ఎన్నిసార్లు చాలు? ఒక్కసారి! కానీ క్వాంటం పద్ధతికి సుమారు 250 సార్లు కావాలి. ఎందుకు? పాయలన్నిటినీ మళ్ళీ కలపాలి, తప్పు జవాబుల కెరటాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చెయ్యాలి, ఆ పని మెల్లగా మాత్రమే జరుగుతుంది. లంకలకి అటూ ఇటూ తిప్పే పని అది. ధవళేశ్వరం దాటిందా, కంప్యూటర్ పాడైనట్టే.

క్వాంటం లాకెట్లు అమ్ముతున్నారు, తెలుసుగా? వేలు పోసి కొంటున్నారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అధికారులు అలాంటివి కొన్ని పరీక్షించి, వేసుకోవద్దన్నారు. అందులో నిజంగానే రేడియేషన్ వస్తోందిట! "శక్తి ఉంది" అని అమ్మినవాడు ఒక రకంగా నిజమే చెప్పాడు.

ఇంతకీ మీరు ఎవరెట్‌ని నమ్ముతారా మాస్టారూ అని అడగబోతున్నారు, నాకు తెలుసు. 2025లో నేచర్ పత్రిక అడిగితే పదకొండు వందల మందికి పైగా పరిశోధకులు జవాబిచ్చారు. 36 శాతం పాత కోపెన్‌హాగెన్ పద్ధతి, అదే ఇందాకటి "ఠక్కున ఒకటే మిగులుతుంది" అన్నది, అన్నారు, 15 శాతం ఎవరెట్ అన్నారు, మిగతావాళ్ళు తలో దారి. లెక్కలు మాత్రం అందరివీ ఒకటే, అందరి జవాబులూ ప్రయోగంతో సరిపోతాయి. నా మటుకు నాకు ఎవరెట్ నిజాయితీ నచ్చుతుంది. ఒక్క చోట మాత్రం ముల్లు గుచ్చుకుంటుంది. అన్ని పాయలూ నిజమైతే "ఇది జరగడానికి డెబ్భై శాతం అవకాశం" అన్న మాటకి అర్థమేమిటి? రెండూ జరిగాయిగా? బరువు ఎక్కువున్న పాయలో నేనుంటానని ఎందుకనుకోవాలి?

ఆ అవకాశం లెక్కని మాక్స్ బోర్న్ 1926లో కనిపెట్టాడు. కెరటం ఎత్తుని వర్గం చెయ్యాలన్న సంగతి ఆయన వ్యాసంలో అసలు పాఠంలో లేదు, ప్రూఫులు దిద్దేటప్పుడు అడుగున చిన్న గమనికగా చేర్చాడు. ఆ అడుగున ఉన్న గమనిక ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నదాని మీదే ఎవరెట్ మనుషులూ మిగతావాళ్ళూ ఈరోజుకీ కొట్టుకుంటున్నారు. ఏ వీడియోలోనూ ఆ గొడవ ఉండదు, నీలం గోళాలతో చూపించడం కష్టం కదా.

గ్రంథాలయం వాళ్ళు ఎనిమిదింటికి తాళం వేస్తారట. మూడో వరసలో ఆ అమ్మాయి ధవళేశ్వరం దగ్గర్నుంచీ చెయ్యెత్తి ఉంది. అడగమ్మా.